మాత్రికలకు కారణాంకాలు: పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

గత సంచికలో ఒక వర్ణపట ప్రమేయాన్ని కారణాంకాలుగా ఎలా విడగొట్టాలో రాశాను. విషయం ఇది: ఏకాంక వృత్తం మీద ధనాత్మక విలువలు తీసుకునే ప్రమేయం ఒకటి మన చేతిలో ఉంటుంది. దానిని ఒక ప్రమేయానికీ, ఆ ప్రమేయపు సంయుగ్మానికీ లబ్ధంగా రాయాలి. ఆ ప్రమేయం వృత్తం లోపల అంతటా వైశ్లేషికంగా ఉండాలి, అక్కడ ఎక్కడా సున్న కాకూడదు. ప్రతి బిందువు దగ్గరా సంఖ్యకు బదులు ఒక మాత్రిక ఉంటే పని ఇంత సులువు కాదని చివర ఒక వాక్యం చేర్చి ఊరుకున్నాను. వ్యాసం మొత్తానికి రాని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. ఈసారి శీర్షికను వాటికే కేటాయిస్తున్నాను.

ఉత్తరాలన్నీ బరంపురం నుంచి జయపురం దాకా ఉన్న మన ఒడిశా తెలుగువారివే. మనలో చాలామంది లెక్కలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో నేర్చుకున్నవాళ్లం కనుక మాటలు ముందే చెప్పుకుందాం. మాత్రిక అంటే మ్యాట్రిక్స్, నిర్ధారకం అంటే డిటర్మినెంట్, వికర్ణం అంటే డయాగొనల్, సంవర్గమానం అంటే లాగరిథమ్. వర్ణపటం అంటే స్పెక్ట్రమ్, ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత ఊపు ఉందో తెలిపేది. వైశ్లేషికం అంటే అనలిటిక్, రుణ ఘాతాలు లేని శ్రేణిగా రాయగలిగేది. ధనాత్మక నిశ్చితం అంటే పాజిటివ్ డెఫినిట్, ఏకాంక మాత్రిక అంటే ఐడెంటిటీ మ్యాట్రిక్స్, ఏకక మాత్రిక అంటే యూనిటరీ మ్యాట్రిక్స్. సంయుగ్మ వ్యత్యయం అంటే వరుసలను నిలువులుగా మార్చి, ప్రతి మూలకానికీ సంయుగ్మం తీసుకున్న మాత్రిక. వృత్తం మీద తిరిగే సంకీర్ణ చలరాశిని ‘చ’ అని రాస్తాను.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మీరు చెప్పిన సంవర్గమాన పద్ధతి పది వరుసల ప్రోగ్రాంలో చక్కగా పనిచేసింది. అదే ప్రోగ్రాంలో సంఖ్య ఉన్న చోట రెండు వరుసల మాత్రికను పెట్టి, మాత్రికా సంవర్గమానం తీసుకుంటే వచ్చిన కారణాంకాలను గుణించినప్పుడు మొదటి మాత్రిక తిరిగి రావడం లేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉందా, పద్ధతిలో ఉందా? (పరిశోధక విద్యార్థిని, బరంపురం)

జవాబు: మీ ప్రోగ్రాంలో తప్పు లేదమ్మా. పద్ధతే అక్కడ చెల్లదు. ఎందుకు చెల్లదో తెలిస్తే ఈ విషయంలో సగం తెలిసినట్లే కనుక కొంచెం నిదానంగా చెబుతాను.

సంఖ్యల విషయంలో మనం చేసే పని ఏమిటి? ప్రమేయానికి సంవర్గమానం తీసుకుంటాము. దానిని ఫోరియర్ శ్రేణిగా, అంటే చ ఘాతాల మొత్తంగా విడగొట్టి, రుణ ఘాతాలు ఉన్న పదాలను ఒక పక్కకూ, ధన ఘాతాలు ఉన్న పదాలను మరొక పక్కకూ పంపి, స్థిర పదాన్ని చెరి సగం పంచుతాము. తర్వాత ఒక్కొక్క భాగానికి ఘాతాంక ప్రమేయం తీసుకుంటే రెండు కారణాంకాలు చేతికి వస్తాయి. ఈ మొత్తం పని ఒకే ఒక్క సూత్రం మీద నిలబడి ఉంది: రెండు రాశుల మొత్తానికి ఘాతాంకం తీసుకున్నా, విడివిడిగా తీసుకుని గుణించినా ఫలితం ఒక్కటే. మాత్రికలకు ఈ సూత్రం వర్తించదు, ఎందుకంటే మాత్రికల గుణకారం వినిమయ న్యాయాన్ని పాటించదు.

ఆవకాయ పెట్టే ఇంట్లో ఈ సంగతి ఎవరికీ వివరించనక్కరలేదు. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి ముక్కలు కొట్టడం వేరు, ముక్కలు కొట్టిన తర్వాత కడగడం వేరు. చేసిన పనులు అవే. రెండవ జాడీ మాత్రం నెల తిరగకుండానే బూజు పడుతుంది.

కాగితం మీద చేసి చూడండి. ‘క’ అనే మాత్రికలో మొదటి వరుస 0, 1. రెండవ వరుస 0, 0. ‘గ’ అనే మాత్రికలో మొదటి వరుస 0, 0. రెండవ వరుస 1, 0. రెండింటికీ వర్గం సున్నా మాత్రికే కనుక ఘాతాంకం తీసుకోవడమంటే ఏకాంక మాత్రికను కలపడమే. క ఘాతాంకాన్ని ముందు ఉంచి గ ఘాతాంకంతో గుణిస్తే వరుసలు (2, 1), (1, 1) వస్తాయి. వరస మార్చి గుణిస్తే (1, 1), (1, 2) వస్తాయి. ముందే రెండింటినీ కూడి ఘాతాంకం తీసుకుంటే వికర్ణం మీద 1.543, మిగిలిన రెండు చోట్ల 1.175 వస్తాయి. ఒకే జంట నుంచి మూడు వేర్వేరు జవాబులు వచ్చాయి. మీ ప్రోగ్రాం ప్రతి పౌనఃపున్యం దగ్గరా ఈ మూడవ జవాబును మొదటి జవాబు అనుకుని ముందుకు సాగిపోయింది.

కారణాంకం ఉంటుందా లేదా అన్న అనుమానం మాత్రం పెట్టుకోకండి. మాత్రిక వృత్తం మీద ధనాత్మక నిశ్చితంగా ఉండి, దాని మూలకాలు సమాకలనీయమై, నిర్ధారకపు సంవర్గమానానికి వృత్తం మీద సగటు పరిమితంగా ఉంటే కారణాంకం ఉండి తీరుతుంది. అమెరికన్ గణితవేత్త నార్బర్ట్ వీనర్ 1955లో మాత్రికల కారణాంకాల గురించి ఒక పత్రం రాశారు. ఆ తర్వాత బొంబాయిలో పుట్టిన పెసి మసానీతో కలిసి 1957, 1958 సంవత్సరాలలో బహుచర కాలశ్రేణుల మీద రెండు పెద్ద పత్రాలు వెలువరించారు. 1955-56లో వీనర్ కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో ఉన్నారు. మన తెలుగువారు, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు అప్పటికే అక్కడ పనిచేస్తున్నారు. అంటే మీరు తలపట్టుకున్న ఈ లెక్క బరంపురం స్టేషనులో మెయిలు ఎక్కితే చేరే ఊళ్లోనే ఒకప్పుడు మథనపడిందన్నమాట. ఆ సిద్ధాంతం కారణాంకం ఉందని గట్టిగా చెప్పింది. దానిని తొందరగా, నమ్మకంగా లెక్కకట్టే దారులు తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి. అవన్నీ పోయిన సంవర్గమానం లేకుండా ఎలా నెట్టుకురావాలో తలా ఒక రకంగా చెప్పేవే.

ప్రశ్న: మా దగ్గర కంప్యూటరు లేదు, కాలిక్యులేటరు ఉంది. చేత్తో చేసి చూడగల పద్ధతి ఏదైనా ఉందా? (డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

జవాబు: ఉంది, బాబూ. నా దృష్టిలో ఎవరైనా మొదట నేర్చుకోవలసినదీ అదే. జర్మన్ గణితవేత్త ఫ్రీడ్రిష్ బావర్ 1955లో ఇచ్చిన పద్ధతి అది.

ముందు సంఖ్యా ప్రమేయం ఒకటి తీసుకుందాం: 5 + 4 కొసైన్ తీటా. తీటా అంటే వృత్తం మీద చ చేసే కోణం. దీని ఫోరియర్ గుణకాలు మధ్యలో 5, రెండు పక్కలా 2, 2. ఇప్పుడు ఒక పెద్ద చతురస్ర పట్టిక ఊహించుకోండి. ప్రధాన వికర్ణం పొడవునా 5, దానికి ఆనుకుని పైన ఒక గీతలో 2, కింద ఒక గీతలో 2, మిగిలినవన్నీ సున్నాలు. ఈ పట్టికను దిగువ త్రిభుజ మాత్రికకూ (వికర్ణానికి పైన అన్నీ సున్నాలే ఉన్నది) దాని వ్యత్యయానికీ లబ్ధంగా విడగొట్టాలి. భూమి కొలతల లెక్కల కోసం ఆంద్రె-లూయీ షొలెస్కీ అనే ఫ్రెంచి ఫిరంగిదళ అధికారి కట్టిన పద్ధతి ఇందుకు సరిపోతుంది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 ఆగస్టు 31న మరణించారు.

మన పట్టిక విషయంలో ఆ పద్ధతి ఒక చిన్న ఆవృత్తిగా మారిపోతుంది. మొదటి సంఖ్య 5. ఆ తర్వాత ప్రతిసారీ పక్క గుణకం 2 వర్గమైన 4ను ముందటి సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని 5 నుంచి తీసివేయాలి. కాలిక్యులేటరు మీద వరుసగా 5, 4.2, 4.0476, 4.0118, 4.0029 వస్తాయి. అది 4 దగ్గరకు పోతోందని ఎవరైనా చెప్పగలరు, తేడా ప్రతి మెట్టులోనూ దాదాపు నాలుగో వంతుకు తగ్గిపోతోంది. 4కు వర్గమూలం 2. పక్క గుణకం 2ను ఈ వర్గమూలంతో భాగిస్తే 1. కనుక కారణాంకం 2 + చ. దీనిని దీని సంయుగ్మంతో గుణించి చూడండి, 5 + 4 కొసైన్ తీటా తిరిగి వస్తుంది. 1 + 2చ తీసుకున్నా లబ్ధం అదే వస్తుంది గాని, దాని మూలం –1/2 వృత్తం లోపల ఉంది కనుక అది మనకు పనికిరాదు. బావర్ పద్ధతి ఎవరూ చెప్పకుండానే సరైనదాన్ని ఎంచుకుంది.

ఇప్పుడు 2 + 2 కొసైన్ తీటా తీసుకుని ఇదే పని చెయ్యండి. మొదటి సంఖ్య 2. ఆ తర్వాత ప్రతిసారీ 1ని ముందటి సంఖ్యతో భాగించి 2 నుంచి తీసివేయాలి. 2, 1.5, 1.3333, 1.25, 1.2 వస్తాయి. చేరవలసినది 1, కాని వెయ్యవ మెట్టు దగ్గర కూడా చేతిలో ఉన్నది 1.001 మాత్రమే. ఇక్కడ కారణాంకం 1 + చ, దాని మూలం –1 సరిగ్గా వృత్తం మీదనే ఉంది. వృత్తం మీద సున్న పడిందంటే ఏ పద్ధతికైనా కాళ్లలో ముల్లు దిగినట్లే, బావర్ పద్ధతి మాత్రం పూర్తిగా కుంటుతుంది.

మాత్రికా ప్రమేయం అయితే 5, 2 అనే సంఖ్యల చోట చిన్న మాత్రికలు వస్తాయి, భాగహారం చోట విలోమ మాత్రికతో గుణకారం వస్తుంది. అప్పుడు ఎడమ పక్క నుంచి గుణించాలా, కుడి పక్క నుంచా అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. మిగతా నడక అంతా మీరు కాలిక్యులేటరు మీద చేసినదే. ఈ విస్తరణ మీద రిసానెన్ 1973లోనూ, యూలా, కజాంజియన్ 1978లోనూ పనిచేశారు.

ప్రశ్న: నేను కాగితం మిల్లులో నియంత్రణ విభాగం ఇంజినీరును. గుజ్జు చిక్కదనం, కాగితం బరువు అనే రెండు కొలతలు కలిసి ఎలా ఊగుతున్నాయో తెలిపే వర్ణపట మాత్రిక మా దగ్గర ఉంది. పుస్తకాలు తిరగేస్తే నాలుగైదు పద్ధతులు కనిపిస్తున్నాయి. దేనిని ఎంచుకోవాలి? (రాయగడ)

జవాబు: మీ మాత్రిక మీ దగ్గరకు ఏ రూపంలో వచ్చిందన్నదాన్ని బట్టి జవాబు ఉంటుంది. ఈ ప్రశ్న అడక్కుండా పద్ధతిని ఎంచుకునేవారే ఎక్కువ, తర్వాత ఇబ్బంది పడేదీ వారే.

మీ విభాగంలో యంత్రానికి స్థితి సమీకరణాలు ఇదివరకే కట్టి ఉంటే, అంటే వర్ణపటం హారంతో కూడిన అకరణీయ ప్రమేయాల రూపంలో ఉంటే, రికాటీ సమీకరణం దారి పట్టండి. కాల్మన్ జల్లెడ (కాల్మన్ ఫిల్టర్) స్థిరపడిన తర్వాత వచ్చే సమీకరణం అదే కనుక మీకు కొత్తేమీ కాదు. స్థితుల సంఖ్య ఎంతో అంత పరిమాణమున్న ఒక మాత్రికను కనుక్కుంటే కారణాంకం దాని నుంచి నేరుగా వస్తుంది. అలన్ లాబ్ 1979లో ఇచ్చిన షూర్ పద్ధతి తర్వాత దీనికి తయారు ప్రోగ్రాంలకు కొరత లేదు. మూలాలు వృత్తానికి బాగా దగ్గరగా ఉన్నప్పుడు లోపలివి ఏవి, బయటివి ఏవి అని విడదీసే చోట అంకెలు తడబడతాయి. అక్కడ ఒక కన్నేసి ఉంచండి.

అలా కాక, కొలతలు తీసి, ఎఫ్‌ఎఫ్‌టీ (ఫోరియర్ గుణకాలను వేగంగా కట్టే లెక్క) చేసి, పౌనఃపున్యాల దగ్గర మాత్రికల విలువలు మాత్రమే మీ చేతిలో ఉంటే నేను విల్సన్ పద్ధతినే చెబుతాను. గ్రాన్‌విల్ టన్నిక్లిఫ్ విల్సన్ దీనిని 1969లో సంఖ్యా ప్రమేయాలకు, 1972లో మాత్రికలకు ఇచ్చారు. మూలంలో ఇది న్యూటన్ పద్ధతే. చేతిలో ఉన్న ఉజ్జాయింపు కారణాంకపు విలోమంతో వర్ణపటాన్ని ఎడమ నుంచీ, ఆ విలోమపు సంయుగ్మ వ్యత్యయంతో కుడి నుంచీ గుణించాలి. ఉజ్జాయింపు సరిగ్గా ఉంటే ఏకాంక మాత్రిక రావాలి. అది రాదు కనుక, వచ్చినదానికి ఏకాంక మాత్రికను కలిపి, ఫోరియర్ గుణకాలలోకి వెళ్లి, రుణ ఘాతాల పదాలను తీసేసి, స్థిర పదంలో సగం ఉంచుకుని, తిరిగి వచ్చి పాత ఉజ్జాయింపును దానితో కుడి నుంచి గుణించాలి. అదే కొత్త ఉజ్జాయింపు.

గుణుపురం విద్యార్థికి చెప్పిన 5 + 4 కొసైన్ తీటా మీదనే ఇది ఎలా నడుస్తుందో చూడండి. 5 వర్గమూలం 2.236తో మొదలుపెట్టి, పక్క గుణకం సున్నా అనుకుందాం. మొదటి మెట్టులో స్థిర పదం కదలదు, పక్క గుణకం మాత్రం 0.894 అవుతుంది. ఆ తర్వాత స్థిర పదం 2.023, 2.0005, 2.0000002. సరైన అంకెలు ప్రతి మెట్టుకూ దాదాపు రెట్టింపు అవుతున్నాయి. మాత్రికలకూ ఇదే వేగం ఉంటుంది. అయితే వృత్తం మీద నిర్ధారకం సున్న అయితే ఈ వేగం పోయి, తేడా ప్రతి మెట్టుకూ సగం అవుతూ మెల్లగా నడుస్తుంది.

ఈ పద్ధతిలో జనం పొరపడే చోట్లు రెండు. పౌనఃపున్య బిందువులు చాలినన్ని లేకపోతే ఫోరియర్ గుణకాల తోక చుట్టూ తిరిగి వచ్చి తల మీద పడుతుంది, అప్పుడు కారణాంకాలు చూడడానికి నునుపుగానే ఉంటాయి గాని గుణిస్తే సరిపోవు. బిందువుల సంఖ్యను రెట్టింపు చేసి జవాబు మారిందో లేదో చూడడం ఒక్కటే మందు. రెండవది కుడి ఎడమల గొడవ. వర్ణపటాన్ని కారణాంకం ముందు, సంయుగ్మ వ్యత్యయం తర్వాత వచ్చేట్లు రాయడం ఒక సంప్రదాయం, తిప్పి రాయడం ఇంకొకటి. ఒక పుస్తకంలోని సూత్రాన్ని మరొక పుస్తకంలోని సంప్రదాయంతో కలిపి నేను ఒకసారి రెండు రోజులు పోగొట్టుకున్నాను. సంఖ్యలకు అన్ని పరీక్షలూ నెగ్గిన ఆ ప్రోగ్రాం మాత్రికల దగ్గరకు వచ్చేసరికి చతికిలపడింది. సంఖ్యలకు కుడి ఎడమలు లేవు కదా, అవి ఆ తప్పును ఎలా పట్టిస్తాయి?

ఇక మూడవ దారి జార్జియా దేశపు గణితవేత్తలు గిగ్లా జనాషియా, ఎడెం లగ్విలావా 1999లో ఇచ్చినది. లాషా ఎఫ్రెమిడ్జెతో కలిసి 2011లో దానిని ఇంకా విస్తరించారు. దీని ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది. ముందు ప్రతి బిందువు దగ్గరా మాత్రికను మామూలుగా దిగువ త్రిభుజ మాత్రికగా విడగొడతారు. వికర్ణం మీద ఉన్నవి సంఖ్యా ప్రమేయాలే కనుక వాటికి మన పాత సంవర్గమాన పద్ధతి చెల్లుతుంది, వాటిని వైశ్లేషిక కారణాంకాలుగా మార్చుకుంటారు. ఇబ్బంది వికర్ణానికి కింద ఉన్నవాటితోనే: వాటిలో రుణ ఘాతాలు మిగిలిపోతాయి. వాటిని పోగొట్టడానికి ఒక్కొక్క వరుస చొప్పున ప్రత్యేకమైన ఏకక మాత్రికా ప్రమేయంతో కుడి పక్క గుణిస్తూ పోతారు. ఏకక మాత్రికను దాని సంయుగ్మ వ్యత్యయంతో గుణిస్తే ఏకాంక మాత్రికే కనుక మొత్తం లబ్ధం చెడదు. ఆ ప్రమేయాన్ని కనుక్కోవడానికి ప్రతిసారీ ఒక సాధారణ ఏకఘాత సమీకరణాల వ్యవస్థను సాధిస్తే చాలు.

రెండు వరుసల చిన్న ఉదాహరణ ఒకటి చూడండి. మాత్రిక మొదటి వరుస 2, 1/చ. రెండవ వరుస చ, 1. దిగువ త్రిభుజంగా విడగొడితే మొదటి వరుసలో 2 వర్గమూలం, 0. రెండవ వరుసలో చను 2 వర్గమూలంతో భాగించినది, 1ని 2 వర్గమూలంతో భాగించినది వస్తాయి. రుణ ఘాతం ఎక్కడా లేదు, పని అయిపోయింది. అదే మాత్రికను ఎగువ త్రిభుజంగా విడగొడితే మొదటి వరుస 1, 1/చ. రెండవ వరుస 0, 1. ఇందులో 1/చ కూర్చుంది, పనికిరాదు. ఇక్కడ అదృష్టం కొద్దీ ఒక పక్క నుంచి కుదిరింది గాని, మీ మిల్లు మాత్రికకు ఏ పక్కా కుదరదు. ఏకక మాత్రికల అవసరం అప్పుడే వస్తుంది.

మీ మాత్రిక రెండు వరుసలదే కనుక విల్సన్ చాలు. వరుసలు పదులలోకి వెళ్లినా, నిర్ధారకం వృత్తం మీద సున్నకు చేరువైనా జనాషియా-లగ్విలావా పద్ధతిని ప్రయత్నించండి.

ప్రశ్న: రెండు పద్ధతులతో చేస్తే రెండు వేర్వేరు కారణాంకాలు వచ్చాయి. రెండూ గుణిస్తే సరిపోతున్నాయి. ఏది సరైనది? (అధ్యాపకుడు, జయపురం)

జవాబు: రెండూ సరైనవే. ఒకదానిని స్థిరమైన ఏకక మాత్రికతో కుడి పక్క గుణిస్తే రెండవది వస్తుంది. చకు సున్న విలువ ఇచ్చినప్పుడు కారణాంకం దిగువ త్రిభుజంగా ఉండాలి, వికర్ణం మీద ధన సంఖ్యలే ఉండాలి అని షరతు పెట్టండి, రెండూ ఒక్కటవుతాయి. అయితే గుణిస్తే సరిపోవడం ఒక్కటే చాలదండోయ్. 1 + 2చ కూడా గుణిస్తే సరిపోతుందని పైన చూశాము. వర్ణపట మాత్రిక నిర్ధారకానికి సంవర్గమానం తీసి, వృత్తం మీద సగటు కట్టి, ఆ సగటుకు ఘాతాంకం తీసుకోండి. చ సున్న దగ్గర మీ కారణాంకపు నిర్ధారకపు పరిమాణానికి వర్గం దానితో సమానం కావాలి. 5 + 4 కొసైన్ తీటాకు ఆ సంఖ్య 4. 2 + చ అయితే 4 ఇస్తుంది, 1 + 2చ అయితే 1 ఇచ్చి పట్టుబడిపోతుంది.

ప్రశ్న: వీటితో మనలాంటివారికి ఏమి ఉపయోగం? నేను కాశీనగరంలో బడి పంతులును. ఏటా వంశధార పొంగును చూస్తూ ఉంటాను. (కాశీనగరం)

జవాబు: మీ ఊరి నది మీదనే చెబుతాను, మాస్టారూ. ఎగువన గుణుపురంలో రోజూ కురిసిన వాన ఒక కాలశ్రేణి, మీ ఊరి దగ్గర నీటిమట్టం ఇంకొకటి. రెండింటినీ కలిపితే రెండు వరుసల వర్ణపట మాత్రిక వస్తుంది. వికర్ణం మీద ఒక్కొక్కదాని సొంత ఊపు, మిగిలిన రెండు చోట్ల ఒకదానితో ఒకటి కలిసి ఊగే తీరు. ఇవి ఊరికే కలిసి ఊగుతున్నాయని మాత్రమే ఆ మాత్రిక చెబుతుంది, ఏది దేనికి ముందుందో తేల్చి చెప్పదు. కారణాంకం తీసినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. కారణాంకం వైశ్లేషికం కావడమంటే నేటి విలువ నేటి, గడిచిన రోజుల కుదుపుల (ముందుగా ఊహించలేని మార్పుల) మీదనే ఆధారపడి ఉండడం, రేపటి కుదుపు మీద కాకపోవడం. వాన కుదుపు నుంచి నీటిమట్టానికి పోయే మూలకం పెద్దదై, నీటిమట్టం నుంచి వానకు పోయేది సున్నకు దగ్గరగా ఉంటే మీ కంటికి తెలిసిన సంగతినే లెక్క కూడా చెప్పినట్లు.

ఒకదాని గతం రెండవదాన్ని ముందుగా అంచనా వేయడానికి సాయపడితే అది కారణం అని ఆర్థికవేత్త క్లైవ్ గ్రాంజర్ 1969లో చెప్పిన కారణత్వ భావనను జాన్ గెవెకీ 1982లో పౌనఃపున్యాల వారీగా కొలిచే రూపంలో పెట్టారు. ముకేశ్ ధమాలా, గోవిందన్ రంగరాజన్, మింగ్‌జౌ డింగ్ 2008లో విల్సన్ కారణాంకాలను వాడి, ముందుగా ఏ నమూనానూ కట్టకుండానే ఆ కొలతను వర్ణపటం నుంచి తీయవచ్చని చూపారు. మెదడు సంకేతాలను పరిశీలించేవారు ఈ దారిని బాగా వాడుతున్నారు.

నది విషయంలో రెండు జాగ్రత్తలు. మన వాన నాలుగు నెలల వ్యవహారం. ఏడాది పొడవునా ఒకే తీరున ఉండని శ్రేణిని అలాగే లెక్కలో పెడితే మీకు కనిపించేది నది కాదు, పంచాంగం. ఆయా రోజుల సగటును ముందు తీసివేసి, వానాకాలాన్ని విడిగా చూడాలి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే గుణుపురంలోనూ, కాశీనగరంలోనూ, కింద గొట్టా బ్యారేజి దగ్గరా ఒకేసారి కురుస్తుంది. మూడవ కారణం ఒకటి రెండింటినీ కదిలిస్తున్నప్పుడు ఆ మూడవదాన్ని కూడా మాత్రికలో ఒక వరుసగా చేర్చకపోతే లెక్క దొంగను వదిలి దారినపోయేవాణ్ని పట్టుకుంటుంది.

ప్రశ్న: ధనాత్మకం కాని మాత్రికా ప్రమేయాలకూ ఇలాంటి కారణాంకాలు ఉంటాయా? వాటికి పై పద్ధతులు పనిచేస్తాయా? (స్నాతకోత్తర విద్యార్థి, పర్లాకిమిడి)

జవాబు: ఉంటాయి, కాని కథ మారిపోతుంది. వీనర్, ఎబర్‌హార్డ్ హాప్ కలిసి 1931లో రాసిన పత్రం పేరు మీద వీటిని వీనర్-హాప్ కారణాంకాలు అంటారు. అలల పరావర్తనం, పగుళ్ల వ్యాప్తి వంటి సరిహద్దు సమస్యలలో ఇవి ఎదురవుతాయి. నిర్ధారకం వృత్తం మీద ఎక్కడా సున్న కాని చక్కటి మాత్రికా ప్రమేయాన్ని మూడు ముక్కల లబ్ధంగా రాయవచ్చు: ఎడమన వృత్తం లోపల చక్కగా ఉండేది, కుడిన వృత్తం బయట చక్కగా ఉండేది, నడుమ ఒక వికర్ణ మాత్రిక. ఆ వికర్ణం మీద చ పూర్ణాంక ఘాతాలు ఉంటాయి. ఆ ఘాతాలను పాక్షిక సూచికలు అంటారు. ధనాత్మక నిశ్చిత మాత్రికలకు అవన్నీ సున్నాలే. ఇన్నాళ్లూ నడుమ ముక్క ఒకటి ఉందన్న ఊసే మనం ఎత్తకపోవడానికి కారణం అదే.

సాధారణ మాత్రికకు ఆ సూచికలను ముందుగా పసిగట్టే సులభమైన సూత్రం లేదు. వాటి మొత్తాన్ని మాత్రం నిర్ధారకం వృత్తం చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో చూసి చెప్పవచ్చు. దీనికి తోడు అవి అస్థిరమైనవి. ఇజ్రాయెల్ గోహ్‌బర్గ్, మార్క్ క్రెయిన్ 1958లో వీటి సిద్ధాంతాన్ని నిలబెట్టి, సూచికలలో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 1 మించనప్పుడు మాత్రమే అవి చిన్న మార్పులకు చెక్కుచెదరవని తేల్చారు. అంటే తేడా 2 ఉన్న చోట కంప్యూటరు చివరి దశాంశాలను సవరించే లెక్కే (రౌండింగ్) సూచికలను మార్చేయగలదు.

చేత్తో చూడగల ఉదాహరణ ఇది. మాత్రిక మొదటి వరుస చ, 0. రెండవ వరుస 0, 1/చ. ఇది ఇప్పటికే వికర్ణ మాత్రిక కనుక సూచికలు 1, –1. రెండవ వరుస మొదట్లో ఉన్న సున్న చోట 0.001 పెట్టండి. ఇప్పుడు ఎడమ కారణాంకం వరుసలు (చ, –1000), (0.001, 0), కుడి కారణాంకం వరుసలు (1, 1000/చ), (0, 1). గుణించి చూసుకోండి, అచ్చం సరిపోతుంది. నడుమ ముక్క అవసరమే లేదు, సూచికలు రెండూ సున్న అయిపోయాయి. వెయ్యో వంతు మార్పుకు సూచికలు తలకిందులయ్యాయి, కారణాంకాలలో వెయ్యి వచ్చి కూర్చుంది. 0.001 బదులు 0.000001 పెడితే ఆ వెయ్యి పది లక్షలు అవుతుంది.

కనుక విల్సన్, బావర్ ప్రోగ్రాంలను ఇక్కడ అలాగే వాడకండి, అవి ధనాత్మకతనే నమ్ముకుని కట్టినవి. మీ మాత్రిక మూలకాలు బహుపదులో, చ రుణ ఘాతాలు కూడా కలిసిన పరిమిత మొత్తాలో అయితే దశాంశాలు లేకుండా భిన్నాలతోనే, బీజగణిత ప్రోగ్రాంలో, లెక్క నడపండి. పైన చూపిన రెండు మాత్రికలనూ ముందు దానికి ఇచ్చి, 1, –1 అనీ, 0, 0 అనీ వేర్వేరుగా చెబుతుందో లేదో చూసుకున్న తర్వాతే మీ సొంత మాత్రికను అందులో పెట్టండి.